గేటు పడింది

నిన్న సాయంత్రం ఉత్తర మద్రాసులో మా పేట దగ్గర మళ్ళీ రైలు గేటు పడింది. ఇటు అమ్మ మందులు పట్టుకుని నేను, అటు మా ఇల్లు, మధ్యలో హార్బర్ నుంచి వచ్చిన కంటైనర్ల గూడ్సు. పెట్టెలు లెక్కపెట్టడం చిన్నప్పటి అలవాటు. ముప్పై ఒకటి దగ్గర బండి ఆగిపోయింది. పక్కన చేపల గంప దించుకున్న అక్క, "తమ్ముడూ, ఈలోపు బేరమాడుకో, ఇంకో అరగంట" అంది. తడిగోనె తీసి నెత్తళ్ళ మీద నీళ్ళు చిలకరించింది.

గేటు కంటే నాకు మండేది ఊరికి అటువైపు టీ నగర్‌లో ఉండే మిత్రుల మాట. "నార్త్ మద్రాసా, అక్కడేముందిరా?" అంటారు. ఏముందా? 1856లో దక్షిణాదిలో తొలి ప్యాసింజర్ రైలు బయల్దేరింది మా రాయపురం నుంచే, ఆర్కాటు దగ్గరి వాలాజా రోడ్డు స్టేషన్ వైపు. కోట, వర్తకుల పేటలు, ఓడలు అన్నీ దగ్గరే మరి. తర్వాత 1873లో సెంట్రల్ స్టేషన్ వచ్చింది. దూరాభారం వెళ్ళేవాళ్ళు అటు మళ్ళారు. మాకు మిగిలినవి హార్బర్ లైన్లు, యార్డులు, గోడలు. సముద్రం కూడా మాతో అలాగే చేసింది. హార్బర్ కట్టాక ఇసుక దక్షిణాన పేరుకుని మెరీనా వెడల్పైంది, మా ఒడ్డును అలలు కోసేశాయి. ఇప్పుడక్కడ బండరాళ్ళే.

1931లో బీచ్ స్టేషన్ నుంచి దక్షిణాన తాంబరానికి కరెంటు రైలు వేశారు. అంతకు కొన్నేళ్ళ ముందే చెరువు పూడ్చి వేసిన టీ నగర్‌కు మాంబళం స్టేషన్ పక్కనే ఉంది. పొద్దున రైలెక్కి ఆఫీసు, సాయంత్రానికి ఇల్లు. స్థలాల ధరలు పెరగవా మరి! వాళ్ళకు మనుషుల రైలు, మాకు సరుకుల రైలు. తేడా అక్కడే వచ్చింది. మేం వెనకబడింది మా జనం తీరు వల్ల అనేవాళ్ళు ఒకసారి వచ్చి మా గేటు దగ్గర నిలబడాలి. ఇంతా చేసి టీ నగర్‌లో "టీ" అన్నది జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టి పేరు. ఆ తెలుగాయన పేరుతో కాలేజీ ఉన్నది మా పాత వాషర్‌మన్‌పేటలోనే. ఈ మాట చెబితే మిత్రులు టాపిక్ మార్చేస్తారు.

2021లో మెట్రో మా వైపూ విమ్కో నగర్ దాకా వచ్చింది, కాదనను. గేటు గొడవ లేదు, హాయిగా ఉంది. కానీ అమ్మకు ఎస్కలేటర్ భయం, చేపల గంపతో అక్క ఎక్కే వీల్లేదు. కొత్త స్టేషన్ల బొమ్మలు తర్వాత చూపించండి, ముందు పట్టాల కింద మనిషి నడిచే దారి ఒకటి తవ్వండి.

నలభై అయిదో పెట్టె దాటాక గేటు లేచింది. అప్పటికి అరకిలో నెత్తళ్ళు కొన్నాను. మందులు ఇచ్చేసరికి అమ్మ అడిగింది, "ఇవాళ ఎన్ని పెట్టెలురా?"