తినే సోడా, నిమ్మకాయతోని మొఖం తెల్లగైతదా?

బతుకమ్మ దగ్గరికొస్తుందంటే చాలు, మా హన్మకొండ దిక్కు వాట్సాప్ గ్రూపులల్ల గీ వీడియో మళ్ల తిరుగుడు షురూ. తినే సోడా ఒక చెంచా, దాంట్ల అర నిమ్మకాయ పిండి మొఖానికి పట్టించి 15 నిమిషాలు ఉంచుకోవాల్నట, వారానికి మూడుసార్లు జేస్తే మొటిమలు, నల్లమచ్చలు పోయి తెల్లగైతరట, పైకెల్లి తినేదే కదా సైడ్ ఎఫెక్టే లేదట.

ముందు గా "తినేదే కదా" సంగతి. చపాట మిర్చి గూడ తినేదే, మొఖానికి రాస్కుంటమా మరి? చర్మం మీద సన్నటి ఆమ్లప్పొర ఉంటది, దాని పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే అంకె, ఎంత తగ్గితే అంత ఆమ్లం, ఎంత పెరిగితే అంత క్షారం) 5 దగ్గర్ల, సోడా నీళ్లదేమో 8 దాటుతది. పీహెచ్‌ల ఒక్క అంకె అంటే పదింతల తేడా, ఇగ మూడంటే వెయ్యింతలు. మాటిమాటికి రాస్తుంటే గా పొర దెబ్బతిని తేమ ఆగదు, చర్మం పొడిబారి బిర్రుగ గుంజుతది.

"బుసబుస పొంగితే మురికి బయటికొస్తున్నట్టు" అంటున్రు, ఇది పచ్చి అబద్ధం. కడిగిన స్టీల్ గ్లాసుల సోడా ఏసి నిమ్మకాయ పిండి చూడుండ్రి, గట్లనే పొంగుతది, ఆడ మురికేడుంది? అది కార్బన్ డయాక్సైడ్ అంతే, ఎనక మిగిలేది సోడియం సిట్రేట్ అనే ఉప్పు, నీళ్లు. అట్లయితే రెండు కలిసి చల్లవడ్తయి గదా అంటరేమో, చెంచాతోని అందాజకు ఏసినంక ఏదో ఒకటి మిగుల్తనే ఉంటది. సోడా మిగిల్తే గరుకు పలుకులు చెంపలకు గీస్కపోతయి, నిమ్మరసం మిగిల్తే దాని పీహెచ్ 2 కాడికి ఉంటది, అట్లనే ఎండల వడి పోతే బొబ్బలొచ్చి నల్లమరకలు వడొచ్చు.

మంటైతే పని చేస్తున్నట్టు కాదు, చర్మం వద్దంటున్నట్టు.

ఇగ తెల్లగైతరు అనేది. రంగుకు కారణం మెలనిన్, అది లోపల తయారైతది, సోడా పైపైన చచ్చిన చర్మాన్ని గీకుతది కాబట్టి కొద్దిసేపు నున్నగ కనిపిస్తది, వీడియోల చూపెట్టేది గదే. మన చామనఛాయ చర్మం ఒక్కసారి కమిలిందంటే మానినంక ఆ జాగల నల్లమచ్చ వడ్తది, నెలలకొద్ది పోదు. అంటే మచ్చలు పోతయని రాస్కుంటే కొత్త మచ్చలొస్తున్నయన్నట్టు. మొటిమలకైతే రుద్దుడే దుష్మన్.

ఇంకొకటి, కిరాణంల పొట్లం కట్టిచ్చే సోడా తినేదో బట్టలదో చూస్కోవాలె. బట్టల సోడా పీహెచ్ 11 దాంక ఉంటది, మొఖం కాదు చేతులకు గూడ మంచిది కాదు.

అంత పానం గుంజితే పగుళ్లు లేని మడిమలకు నీళ్లల్ల పల్చగ కలిపి వాడుండ్రి, మొఖానికి మాత్రం వద్దు, అండ్ల థ్రెడింగో షేవింగో చేయించుకున్ననాడు అస్సలుకే వద్దు. ఇప్పటికే రాస్కొని మండుతుంటే చల్లనీళ్లతోని మంచిగ కడిగి, వాసన లేని మాయిశ్చరైజరో వ్యాజిలినో పెట్టి నాలుగొద్దులు ఇంకేం రాయకుండ్రి, తగ్గకపోతే స్కిన్ డాక్టర్‌కు చూపెట్టుకోండ్రి. మెడికల్ షాపుల అడిగి స్టెరాయిడ్ కలిసిన తెల్లవడే క్రీమ్ తెచ్చుకునేరు, అది ఇంతకంటె పెద్ద లొల్లి.