బోర్డు మీదే ఫిల్టర్ కాఫీ

మహబూబ్‌నగర్ నుంచి కొల్లాపూర్ మీదుగా సోమశిల దాకా, తొందరేమీ లేకుండా బండి మీద మెల్లగా పోతూ దారిలో మంచి కాఫీ తాగడం నాకున్న ఒకే ఒక సరదా. ఫిల్టర్ కాఫీ అని ఇంత పెద్ద బోర్డు పెట్టి, ఎప్పుడో కాచిన పాలల్లో ఇన్‌స్టంట్ పొడి ప్యాకెట్ చింపి పోసి, నురగ కోసం రెండుసార్లు ఎత్తిపోసి ఇస్తే ఎట్లా అన్నా? డికాషన్ దిగడానికి పావుగంట పడుతుందా, పట్టనీ, నేను ఆగుతా అంటున్నా కదా! కాఫీపొడిలో చికోరీ వేరు పొడి కలిపినా ఏమనను (నిజానికి కొంచెం ఉంటేనే నాకిష్టం). చక్కెర వద్దంటే పాలల్లో ముందే వేసేశాం అంటాడు హోటలాయన. పైగా పక్క టేబుల్ పెద్దాయన, కాఫీ కోసం ఇంత దూరం వచ్చినవా, డ్యూటీ లేదా అని ఒకటే ఎంక్వైరీ. ఆ పేపర్ కప్పేమో రెండు గుక్కలకే మెత్తబడిపోతుంది, స్టీల్ గ్లాసు అడిగితే కడిగేవాళ్లు లేరట.