మిత్ర నులిపురుగులు వంగ మీద వృథా, మామిడి కాండంలో మేలు

విశాఖలో మిద్దె తోట పెంచేవాళ్ల దగ్గర నులిపురుగు అనే మాట ఎత్తితే ముందు మొహం చిట్లిస్తారు. టమాటా మొక్క వాడిపోతోందని పీకి చూస్తే వేళ్ల నిండా బుడిపెలు. వేపపిండి కలిపి వాటిని వదిలించుకోలేక తంటాలు పడుతున్నవాళ్లకి, డబ్బులిచ్చి నులిపురుగుల్ని కొనుక్కోమంటే ఒళ్లు మండదా? కానీ ఇవి వేరే జాతి. వేళ్ల జోలికి పోవు, పురుగుల్నే వెతుక్కుంటాయి.

పొడవు సుమారు అర మిల్లీమీటరు. లార్వా నోట్లోంచో, మలద్వారంలోంచో, అది ఊపిరి తీసే రంధ్రాల్లోంచో లోపలికి దూరతాయి. తమ పేగులో మోసుకొచ్చిన బాక్టీరియాను అక్కడ వదులుతాయి. ఒకటి రెండు రోజుల్లో పురుగు చస్తుంది. వీటిలో హెటెరోరాబ్డిటిస్ అనే రకం పట్టిన లార్వా ఇటుక రంగుకి తిరుగుతుంది. ఆ శవంలోనే సంతానం పెరిగి, తిండి అయిపోగానే వేల సంఖ్యలో బయటికొస్తుంది. ఈ రకంలో ఇండికా అనే జాతి మన దక్షిణాది మట్టిదే. కోయంబత్తూరులో దొరికిన దాన్ని 1992లో కొత్త జాతిగా గుర్తించారు. చలి దేశాల రకాల కంటే వేడికి కాస్త ఓర్చుకుంటుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. అమ్మేవాళ్లు మాత్రం ‘అన్ని తొలుచు పురుగులకీ ఇదే మందు’ అంటారు. నా పేచీ అక్కడే.

ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున్న పదకొండింటికి మొవ్వు తొలిచే పురుగు పట్టిన వంగ మొక్కల మీద ప్యాకెట్ మొత్తం నీళ్లలో కలిపి పిచికారీ చేశాను. వారానికల్లా మళ్లీ మొవ్వులు వేలాడాయి. తప్పు నాదే. నీటి పొర ఆరితే, ఎండ తగిలితే ఈ జీవాలు నిలవవు. మొవ్వులో దూరిన పురుగేమో రంధ్రాన్ని తన రెట్టతో మూసేసుకుని హాయిగా ఉంటుంది. వంగకి నా మాట వింటే, వాడిన మొవ్వుని నాలుగు వేళ్ల కిందకి తుంచి సబ్బు నీళ్లలో పడేయండి, రాలిన ఆకులు ఊడ్చేయండి. దీనికి రూపాయి ఖర్చు లేదు.

ఇవి పనికొచ్చేది తడిగా, చీకటిగా ఉండే చోట. కొమ్ము పురుగు లార్వాలుండే పెంటకుప్ప, వేరుపురుగు ఉన్న మట్టి, కాండం లోపలి సొరంగం లాంటివన్నమాట. మా పక్కింటి పిన్నిగారు హుద్‌హుద్ తర్వాత వేసిన మామిడి చెట్టుకి కాండం మొదలు దగ్గర తడి పొట్టు రాలుతుంటే అక్కడ ప్రయత్నించాం. ముందు చెంచాడు ద్రావణం గాజు గ్లాసులో వేసి టార్చి పట్టి, భూతద్దంతో చూశాం. సన్నటి దారపు ముక్కల్లాంటివి మెలికలు తిరుగుతున్నాయి. కట్టెల్లా బిగుసుకుపోయి ఉంటే ప్యాకెట్ వెనక్కిచ్చేయాలి. ఎండలో షాపు గుమ్మం దగ్గర వేలాడదీసిన సరుకైతే అసలు కొనకూడదు. పాల ప్యాకెట్‌ని అలా ఉంచితే కొంటామా?

సాయంత్రం ఎండ దిగాక రంధ్రంలోని పొట్టుని తీగతో గీకి, సూది తీసిన సిరంజితో ద్రావణం పొంగేదాకా ఎక్కించి, తడి బంకమట్టితో మూశాం. ‘ఏటి బాబూ, పురుక్కి పురుగే మందా? మా నాన్న పెట్రోలు దూది కుక్కేవోడు’ అంది పిన్నిగారు. అదీ పనిచేస్తుంది, కాదనను. కాకపోతే ఇంటి గోడని ఆనుకున్న చెట్టులోకి పెట్రోలు కుక్కడానికి నాకు చెయ్యి రాదు.

మూడు వారాలయింది. కింద రంధ్రం దగ్గర మట్టి బిరడా చెక్కుచెదరలేదు, కొత్త పొట్టు లేదు. దానికి జానెడు పైన ఉన్న రంధ్రంలోంచి మాత్రం నిన్న మళ్లీ రాలింది. ఈ సాయంత్రం సిరంజి పట్టుకుని వెళ్లాలి.