ఊదకుండానే మోగే బూర

అమెరికాలో తొంభై దాటిన మాజీ సైనికుడు కన్నుమూస్తే, ఎన్నేళ్లుగానో కలవని కుటుంబం కూడా ఒకచోటికి చేరుతుంది. చర్చిలో పాస్టర్ 23వ కీర్తన చదువుతాడు. పిల్లలు, మనవలు, గొంతు వణికే చెల్లెళ్లు కలిసి పాడతారు. ఒకరు ముందు, ఒకరు వెనక. శ్రుతి కుదరదు, అయినా ఎవరికీ పట్టింపు ఉండదు. ఆ తర్వాత సమాధి దగ్గర ప్రభుత్వం వంతు. యూనిఫాంలో ఉన్న జవాను బ్యూగిల్ అనే సైనిక బూరను పెదవులకు ఆనిస్తాడు. సైనిక అంత్యక్రియల్లో వాయించే ‘ట్యాప్స్’ బాణీలోని 24 స్వరాలూ పొల్లుపోకుండా వినిపిస్తాయి. పొల్లుపోవడానికి అతను ఊదితే కదా! బూరలో అమర్చిన చిన్న పరికరం మోగుతోంది, అంతే.

ఇది మోసం. చట్టం ఒప్పుకున్నదే, మంచి మనసుతో చేస్తున్నదే. అయినా మోసమే.

2000 నుంచి అక్కడ అర్హత ఉన్న ప్రతి మాజీ సైనికుడికీ, కుటుంబం కోరితే, సైనిక లాంఛనాలు జరగాలి. కనీసం ఇద్దరు యూనిఫాంలో రావాలి, జెండా మడిచి కుటుంబం చేతికివ్వాలి, ట్యాప్స్ వినిపించాలి. ఊదేవాళ్లు దొరక్కపోతే రికార్డు పెట్టుకోవచ్చు. ఆ వెసులుబాటులోంచే 2003లో ఈ డిజిటల్ బూర వచ్చింది.

సమర్థించేవాళ్ల మాటా వినాలి. ఒక్క రెండో ప్రపంచ యుద్ధంలోనే దాదాపు కోటీ 60 లక్షల మంది అమెరికన్లు పనిచేశారు. అన్ని అంత్యక్రియలకు బ్యూగిల్ వాయించేవాళ్లను ఎక్కడ తెస్తారు? సీడీ ప్లేయర్ కన్నా ఇది నయం కదా అంటారు. నాకైతే సీడీ ప్లేయరే నయం. అది ఊదుతున్నట్టు నటించదు.

1963 నవంబర్ 25 గుర్తు చేసుకోండి. ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో అధ్యక్షుడు కెనెడీ అంత్యక్రియలు. చలిలో చాలాసేపు నిలబడి ఉన్న సార్జెంట్ కీత్ క్లార్క్ ట్యాప్స్ అందుకున్నాడు. ఆరో స్వరం పగిలింది. దేశమంతా టీవీ ముందున్న రోజు అది. చాలామందికి అది పొరపాటులా వినపడలేదు, వెక్కిలా వినపడింది. అరవై ఏళ్లు దాటినా ఆ ఒక్క స్వరం గురించి ఇంకా చెప్పుకుంటున్నారు. తప్పే లేని రికార్డు గురించి ఎవరు చెప్పుకుంటారు?

అసలు రోగం బూరది కాదు. 1973లో నిర్బంధ సైనిక సేవ ఆగిపోయింది. అప్పటిదాకా యుద్ధమంటే ఏ ఇంటి తలుపైనా తట్టేది. ఇప్పుడు పూర్తికాలం సైన్యంలో ఉన్నది జనాభాలో ఒక శాతం కూడా కాదు. యుద్ధం ఎవరింటి పిల్లలో చేస్తారు, మిగతావాళ్లు విమానాశ్రయంలో ‘థాంక్యూ’ చెప్పి సాగిపోతారు. సమాధి దగ్గర జెండా ఇస్తూ ‘కృతజ్ఞతతో ఉన్న దేశం తరఫున’ అంటారు కదా, ఆ దేశం అక్కడ ఎక్కడుంది? ఇద్దరు జవాన్లను, ఒక బ్యాటరీని పంపి ఊరుకుంది.

టామ్ డే అనే మాజీ సైనికుడు 2000లో ‘బ్యూగిల్స్ అక్రాస్ అమెరికా’ పెట్టి స్వచ్ఛందంగా ఊదేవాళ్లను కూడగట్టాడు. అంటే మనుషులు లేక కాదు, అడగక. ఆ మాటకొస్తే స్కూల్ బ్యాండులో ట్రంపెట్ వాయించే మనవరాలు సమాధి చుట్టూ ఉన్న గుంపులోనే నిలబడి ఉండొచ్చు. ఆమెను ఎవరైనా అడిగారా? చేతులు వణుకుతాయి, స్వరం తప్పుతుంది. తప్పనివ్వండి, ఆరోదైనా సరే.