నీలివేలి మీద కమిటీ వేయాలి

ఉన్నట్టుండి వేలు నీలంగా మారి, నాలుగైదు రోజుల్లో మందూ మాకూ లేకుండా దానంతట అదే మామూలైపోయే జబ్బు ఒకటుంది. ఇంత బాధ్యతారహితమైన జబ్బును మన వైద్య వ్యవస్థ ఇన్నాళ్లుగా ఎలా సహిస్తోందో అర్థం కాదు.

దాని పేరు అకెన్‌బాక్ సిండ్రోమ్. 1958లో జర్మన్ వైద్యుడు వాల్టర్ అకెన్‌బాక్ దీన్ని వర్ణించాడు. ఎక్కువగా నడివయసు ఆడవాళ్లకు వస్తుంది. పప్పుకు తిరగమోత వేస్తుండగానో, రైతుబజారు నుంచి సంచి మోసుకొస్తుండగానో చూపుడువేలో మధ్యవేలో చురుక్కుమంటుంది. చర్మం కింద సన్నటి రక్తనాళమేదో చిట్లి, అరచేతి వైపు నెత్తురు కమ్ముతుంది. వేలు కాస్త ఉబ్బి, నేరేడుపళ్లు తిన్న నాలుకలా తయారవుతుంది. వేలి కొస, గోరు మాత్రం ఈ గొడవతో తమకేమీ సంబంధం లేనట్టు సాధారణంగా మామూలు రంగులోనే ఉంటాయి.

మొదటి వైద్య బోర్డు ఇంట్లోనే సమావేశమవుతుంది. అత్తగారు దిష్టి అంటారు. మరిది గుండె అంటాడు. పక్కింటి పిన్నిగారు, "మా తోడికోడలికీ సరిగ్గా ఇలాగే మొదలై..." అని ఆగిపోతారు. ఆ వాక్యాన్ని ఆవిడ ఎన్నడూ పూర్తి చేయరు. దాని బలమంతా అక్కడే ఉంది.

తర్వాత ఆసుపత్రి. రక్తం గడ్డకట్టే పరీక్ష, నాళాల్లో నెత్తురు పారే తీరు చూసే డాప్లర్, గుండెకు ఎకో, ఎలాగూ వచ్చారు కాబట్టి థైరాయిడ్. అన్నీ నార్మల్. చివరికి డాక్టరు, "ఏమీ లేదమ్మా, తగ్గిపోతుంది" అంటాడు. ఎంత నిర్దయ! ఇంత లావు ఫైలు చంకన పెట్టుకుని వెళ్లి, పిన్నిగారికి ఏం చెప్పుకోవాలి?

కొందరు పాతకాలపు డాక్టర్లున్నారు. వీళ్లు మరీ ప్రమాదకరమైన మనుషులు. వేలిని తమ చేతిలోకి తీసుకుని చూస్తారు. వెచ్చగా ఉందా, నాడి ఆడుతోందా, స్పర్శ తెలుస్తోందా అని అడుగుతారు. చల్లబడి పాలిపోయి మొద్దుబారితే మాత్రం ఒక్క క్షణం ఆగనివ్వరు, పెద్దాసుపత్రికి పరుగెత్తిస్తారు. చలికి తెల్లబడి, నీలమై, ఆపైన ఎర్రబడితే 1862లో పారిస్‌లో మారిస్ రేనో అనే వైద్యుడు రాసిన జబ్బును తలచుకుంటారు. కొత్త జీన్స్ జేబుల్లో చేతులు పెట్టుకు తిరిగే కుర్రాడు నీలి వేళ్లతో వస్తే, స్పిరిట్ తడిపిన దూదితో ఒక్కసారి తుడుస్తారు. రోగం మొత్తం దూదికి అంటుకుంటుంది. ఇలా పావలా దూదితో తేల్చేస్తూ పోతే, కోట్లు పోసి తెప్పించిన యంత్రాలు ఎవరి ముఖం చూడాలి?

ప్రభుత్వానికి ఈ విషయం పట్టదనుకోవడం పొరపాటు. వేలికి రంగు మార్చే పథకం దాని దగ్గర 1962 నుంచీ ఉంది. మైసూరులో తయారయ్యే ఆ సిరాలో సిల్వర్ నైట్రేట్ ఉంటుంది. ఓటరు ఎడమ చూపుడువేలికి రాస్తే, వెలుతురు తగిలి నల్లబడుతుంది. గోరు పెరిగి కొత్తది వచ్చేదాకా వదలదు. ఆ వేలిని పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లు లేరు, ఫొటోలు దిగినవాళ్లే అంతా. తర్వాత అయిదేళ్ల పాటు ఒళ్లంతా నొప్పులు వచ్చినా ఎవరూ ఆ వేలిని అనుమానించరు.

అందుచేత అకెన్‌బాక్ మీద వెంటనే ఉన్నతస్థాయి కమిటీ వేయాలి. సభ్యులుగా ఒక రక్తనాళాల నిపుణుడు, ఒక ల్యాబ్ యజమాని, ప్రజల తరఫున పిన్నిగారు ఉండాలి. ఒక్కటే చిక్కు. కమిటీకి గది కేటాయించి, కుర్చీలు వేయించేలోపే వేలు బాగుపడిపోతుంది. నివేదిక వచ్చేదాకా ఆ వేలు రంగు మార్చుకోకుండా హైకోర్టు నుంచి ముందుగానే స్టే తెచ్చుకోవాలి.