లైబ్నిజ్ ఏం దాచాడు?

సుధ: మాస్టారూ, జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ బతికుండగా అచ్చైన పెద్ద తత్వగ్రంథం ఒక్కటే, 1710 నాటి 'థియోడిసీ'. దేవుడు మంచివాడైతే లోకంలో ఇంత చెడు ఎందుకన్నది అందులో ప్రశ్న. సాధ్యమైన లోకాలన్నిటిలో ఉత్తమమైనదాన్నే దేవుడు ఎంచుకున్నాడన్నది జవాబు. ప్రష్యా రాణి సోఫీ షార్లట్‌తో చేసిన చర్చల్లోంచి పుట్టింది. రాణివాసానికి తగ్గట్టే ఉంది. అసలు సరుకు సొరుగులో ఉండిపోయింది. ఇంగ్లీషు తత్వవేత్త రసెల్ చెప్పిందీ అదేగా?

మాస్టారు: రసెల్ చెబితే నిజమైపోతుందా? సొరుగులో ఏముందో చెప్పు.

సుధ: 1686 నాటి 'డిస్కోర్స్ ఆన్ మెటాఫిజిక్స్'. ఒక మనిషికి జరగబోయేదంతా వాడిని గురించిన పూర్తి భావనలోనే ఇమిడి ఉంటుందన్నాడు. సారాంశం పంపితే ఫ్రెంచ్ మతపండితుడు ఆర్నో మండిపడ్డాడు. అన్నీ ముందే ఖాయమైతే దేవుడికి మాత్రం స్వేచ్ఛ ఎక్కడిదన్నాడు. ఆ రచన 1846 దాకా అచ్చు ముఖం చూడలేదు. భయపడ్డాడు, అంతే.

మాస్టారు: ఆ ఆర్నోయే అదే ఏడాది క్షమాపణ చెప్పుకున్నాడు. అది వదిలేశావేం? ఇంగ్లీషు తత్వవేత్త లాక్‌కు జవాబుగా రాసిన పుస్తకాన్ని కూడా లైబ్నిజ్ పక్కన పెట్టేశాడు. 1704లో లాక్ పోయాడు, పోయినవాడితో వాదనేంటని. అదీ భయమేనా? సరే, 'థియోడిసీ' చివరి కథ చదివావా? పూజారి థియోడోరస్‌ను కలలో గ్రీకు దేవత ఎథీనా ఒక పిరమిడ్‌లోకి తీసుకెళ్తుంది. దానికి కొస ఉంది, అడుగు లేదు. ఒక్కో గది సాధ్యమయ్యే ఒక్కో లోకం. ఒక గదిలో రోము రాజు కొడుకు సెక్స్టస్ చిన్న తోట కొనుక్కుంటాడు, తవ్వితే నిధి దొరుకుతుంది. ఇంకో గదిలో థ్రేస్ రాజుగారి అల్లుడవుతాడు. కొసన ఉన్న గదిలో రోముకెళ్లి స్నేహితుడి భార్యను చెరుస్తాడు. అదే మన లోకం. వాడి నుదుటి మీద ఒక అంకె, గదిలో ఒక పెద్ద పుస్తకం. ఆ అంకె ఉన్న చోటు తీస్తే వాడి కథ ఇంకా వివరంగా కనిపిస్తుంది. నుదుటి రాతా అని నవ్వకు. ఆర్నోను భయపెట్టిన మాట ఇదే కదా? అందరూ చదివే పుస్తకంలోనే పెట్టాడు.

సుధ: కథగా పెట్టాడు, వాదనగా కాదు. అందుకే ఫ్రెంచ్ రచయిత వోల్టేర్ చేతిలో నవ్వులపాలయ్యాడు.

మాస్టారు: వోల్టేర్ ఆ వెక్కిరింత నవల 'కాండీడ్' అచ్చేసింది 1759లో. లైబ్నిజ్ పోయి అప్పటికి 43 ఏళ్లు. జవాబు చెప్పలేనివాడిని కొట్టడం ఏం గొప్ప?

సుధ: ప్లేటోను మీరు క్లాసులో రోజూ కొట్టేవారు.

మాస్టారు: అది వేరు.

సుధ: ఎలా వేరో చెప్పరు. పోనీ, ఆ కొసగది సంగతే చూద్దాం. సెక్స్టస్ నేరంలోంచి రోముకు స్వేచ్ఛ, మహా సామ్రాజ్యం వచ్చాయట, కాబట్టి అదే ఉత్తమ లోకమట. ఆ ఇల్లాలి బతుకు ఎవరి లెక్కలో వేశారు? ఆమె వైపు నుంచి ఆ గదిని చూశాడా?

మాస్టారు: ...చూడలేదు. కానీ పట్టించుకోకపోవడం వేరు, దాచడం వేరు. నీ అభియోగం దాచాడని.

సుధ: అయితే అభియోగం మారుస్తాను.

మాస్టారు: మార్చుకో. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆధారం మాత్రం సొరుగులో వెతక్కు, 1710లో అచ్చైన దాంట్లోనే ఉంది.