లీవర్ రైఫిల్లో "పట్టిందంటే కాల్చొచ్చు" అనే సలహాకు జవాబు

డీర్ సీజన్ (జింకల వేట కాలం) దగ్గర పడిందంటే అమెరికాలో వేటకు వెళ్లేవాళ్ల మధ్య ఒక సలహా మళ్లీ తిరగడం మొదలవుతుంది. దాని సారాంశం ఇదీ: "పాత లీవర్ రైఫిల్‌కి తూటాలు ఇంట్లో నింపుకోవడం చాలా తేలిక. ఛాంబర్‌లో పట్టిన తూటా ఏదైనా కాల్చొచ్చు. మొనదేలిన బుల్లెట్ వేస్తే ఇంకా దూరం పనిచేస్తుంది. క్రింప్ దండగ. మందు ఎక్కువైతే ప్రైమరే చదునై చెబుతుంది. ఒక్కో కేసు పదిసార్లు వాడొచ్చు." (లీవర్ రైఫిల్ అంటే ట్రిగ్గర్ కింది పిడిని కదిపి తూటా మార్చేది. ఛాంబర్ అంటే బారెల్ వెనక తూటా కూర్చునే గది. తూటా డొల్ల కేసు, దాని అడుగున మందుని అంటించేది ప్రైమర్, ముందు నుంచి ఎగిరేది బుల్లెట్. కేసు మూతిని బుల్లెట్ మీదకి నొక్కి బిగించడం క్రింప్.) ఇందులో ఒక్క మాటా పూర్తిగా నిలవదు. కొన్ని మాటలు నమ్మితే చెయ్యో కన్నో పోతుంది. (తెలుగు రాష్ట్రాల్లో జింకల వేట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇక్కడ రాసిందంతా చట్టం ఒప్పుకునే చోట వైట్‌టెయిల్ (తెల్ల తోక జింక) వేట గురించే.)

మొనదేలిన బుల్లెట్ సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే అన్నిటికన్నా ప్రమాదం అదే. వించెస్టర్ 94, మార్లిన్ 336 రైఫిళ్లలో తూటాలు బారెల్ కింది గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. వెనక తూటా ముక్కు ముందు తూటా ప్రైమర్ మీద ఆనుకుని ఉంటుంది. రైఫిల్ పేలి వెనక్కి తన్నినప్పుడు ఆ వరసంతా కుదుపుకు లోనవుతుంది. ముక్కు సూదిగా ఉంటే అది ఫైరింగ్ పిన్ పనే చేస్తుంది, గొట్టంలోని తూటా పేలుతుంది. ముందు చెయ్యి పట్టుకుని ఉండేది సరిగ్గా ఆ గొట్టం పక్కనే. అందుకే ఈ రైఫిళ్లలో వాడే 30-30 తూటాకి చదును ముక్కు 150, 170 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే చిన్న తూకం కొలత) బుల్లెట్లు చేస్తారు. మొన కావాలంటే హోర్నడీ ఎఫ్‌టీఎక్స్ లాంటి మెత్తటి రబ్బరు తరహా మొన ఉన్నవే వాడాలి. ప్రైమర్ కూడా కేసు అడుగు కంటే కొంచెం లోపలికి, 3 నుంచి 5 వెయ్యో వంతుల అంగుళం, దిగి ఉండాలి. వేలితో తడిమితే పైకి తగిలే ప్రైమరున్న తూటాను గొట్టంలో పెట్టకూడదు. సావేజ్ 99లో తిరిగే మ్యాగజీన్, వించెస్టర్ 1895లో పెట్టె మ్యాగజీన్ ఉంటాయి కాబట్టి వాటిలో ఈ గొడవ లేదు. "లీవర్ రైఫిల్లో మొన బుల్లెట్ కాల్చాం, ఏమీ కాలేదు" అనేవాళ్లను ఏ మోడలో అడగండి.

పైగా దూరం మాట కూడా సగమే నిజం. 30-30లో 150 గ్రెయిన్ల బుల్లెట్ బారెల్ దాటేటప్పటి వేగం సెకనుకి సుమారు 2,400 అడుగులు, 200 గజాల దగ్గరికి 1,700 లోపే. ఇంకా వేగంగా పోయే 30-06 తూటాకి తయారైన గట్టి బుల్లెట్ అంత నెమ్మదిలో విచ్చుకోకుండా సన్నటి రంధ్రం చేసి దూసుకుపోవచ్చు. అప్పుడు జంతువు గాయంతో పారిపోతుంది.

"క్రింప్ దండగ" అన్నది బోల్ట్ రైఫిల్ (గడియలాంటి కడ్డీని చేత్తో లాగి తూటా మార్చేది) అలవాటు. గొట్టంలో స్ప్రింగు నెట్టుడు ఒకటి, వెనక్కి తన్నే కుదుపు ఇంకొకటి. పట్టు లేకపోతే బుల్లెట్ కేసులోకి జారుతుంది, మందుకి చోటు తగ్గుతుంది, ప్రెషర్ పెరుగుతుంది. పద్ధతి ఇలా: కేసులన్నీ ఒకే పొడవుకి కత్తిరించాలి. 30-30కి గరిష్ఠం 2.039 అంగుళాలు, సాధారణంగా 2.029కి తెస్తారు. బుల్లెట్ చుట్టూ ఉన్న గాడి మధ్యకి కేసు మూతి వచ్చేదాకా బుల్లెట్‌ని దించాలి. తర్వాత సీటింగ్ కడ్డీని (బుల్లెట్ని దించేది) పైకి తీసి, డైని (తూటా నింపే అచ్చుని) దించి, విడిగా క్రింప్ చెయ్యాలి. రెండూ ఒకే దెబ్బలో చేస్తే, ఒక్క కేసు పొడవుగా ఉన్నా పలచని మెడ (బుల్లెట్ని పట్టుకునే సన్న భాగం) నలిగి భుజం (మెడ కింద కేసు వెడల్పయ్యే చోటు) దగ్గర ఉబ్బుతుంది. అది కంటికి ఆనదు, లీవర్ మూసేటప్పుడు తెలుస్తుంది. పట్టు చాలిందో లేదో తేల్చుకోవాలంటే ఒక తూటా పొడవు క్యాలిపర్‌తో కొలిచి గొట్టంలో ఉంచి, మిగతావి రెండు మూడు కాల్చి, మళ్లీ కొలవాలి. పొడవు తగ్గిందంటే క్రింప్ చాలలేదు.

"పట్టిందంటే కాల్చొచ్చు" అన్నదానికి జవాబు వించెస్టర్ చరిత్రలోనే ఉంది. 44-40 తూటా మోడల్ 1873లోనూ, దానికంటే బలమైన 1892లోనూ పడుతుంది. 1892 కోసం కంపెనీ ఎక్కువ వేగం తూటాలు అమ్మినప్పుడు, వాటిని 1873లో వాడొద్దని వేరుగా హెచ్చరించాల్సి వచ్చింది. మోడల్ 1894 (పైన చెప్పిన వించెస్టర్ 94) కూడా మొదట వచ్చింది పొగ వచ్చే నల్ల గన్ పౌడర్ కాలపు 32-40, 38-55 తూటా సైజుల్లో. పొగలేని మందుతో 30-30 వచ్చింది 1895లో, నికెల్ స్టీల్ బారెల్‌తో. 30-30కి గరిష్ఠ సగటు ప్రెషర్ 42,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) అయితే 45-70 తూటాకి 28,000 మాత్రమే. 45-70కి తూటాలు నింపే మాన్యువళ్లు పాత ట్రాప్‌డోర్ రైఫిళ్లకీ, లీవర్ రైఫిళ్లకీ, బలమైన కొత్త రైఫిళ్లకీ వేరువేరు పట్టికలిస్తాయి. మీ రైఫిల్ ఏ పట్టికలోకి వస్తుందో తేలాకే త్రాసు తియ్యాలి. ఆ త్రాసు గ్రెయిన్లు చూపిస్తోందా గ్రాములా అన్నది కూడా చూడాలి: ఒక గ్రాము అంటే 15.4 గ్రెయిన్లు.

ప్రైమర్ చదునై చెబుతుందన్న మాట మరీ మోసం. అది మామూలుగా 60,000 పీఎస్ఐ చుట్టుపక్కల తూటాల్లో కనబడే గుర్తు. 42,000కి కట్టిన రైఫిల్లో ప్రైమర్ చదునయ్యేసరికి హద్దు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. లీవర్ బరువెక్కినా, ఖాళీ కేసు బయటికి రావడానికి మొరాయించినా అక్కడే ఆపెయ్యాలి. మాన్యువల్‌లోని కనిష్ఠం దగ్గర మొదలుపెట్టి అర గ్రెయిన్ చొప్పునే పెంచాలి, గరిష్ఠం దాటకూడదు.

ఇక పదిసార్లు. ఈ రైఫిళ్లలో బోల్ట్ (ఛాంబర్ని వెనక నుంచి మూసే భాగం) వెనక వైపు లాక్ అవుతుంది కాబట్టి పేలిన ప్రతిసారీ కేసు కొంచెం సాగుతుంది. కేసు ఛాంబర్‌లో నిలిచేది రిమ్ (అడుగున బయటికి వచ్చిన అంచు) మీద, భుజం ముందు ఖాళీ ఉంటుంది. పేలినప్పుడు భుజం ముందుకి పోతుంది, సైజింగ్ డై (పేలిన కేసును కొలతకి నొక్కే అచ్చు) దాన్ని మళ్లీ వెనక్కి తోస్తుంది. ఇలా నాలుగైదు సార్లు జరిగితే అడుగు దగ్గర గోడ పలచబడి కేసు రెండు ముక్కలవుతుంది. డైని షెల్ హోల్డర్‌కి (కేసు అడుగుని పట్టుకునే భాగం) ఆనించేదాకా దించకండి. పైన మొదలుపెట్టి, మర ఒక చుట్టులో ఎనిమిదో వంతు చొప్పున దించుతూ, ఆ రైఫిల్లోనే పేలిన కేసు లీవర్‌కి ఇబ్బంది లేకుండా పట్టే చోట ఆపండి. రెండు రైఫిళ్ల కేసులు కలపకండి. ప్రతిసారీ పేపర్ క్లిప్ చివర వంచి కేసు లోపల అడుగు నుంచి పైకి గీకి చూడండి. రిమ్‌కి పావు నుంచి అర అంగుళం ఎత్తులో గాడి తగిలినా, బయట అక్కడ మెరిసే గీత కనబడినా, అది ఎన్నోసారి అన్న లెక్క వదిలేసి ఆ కేసును ప్లయర్‌తో నలిపి పారెయ్యండి.